కండువా కింద చెయ్యి

మీరు చివరిసారి ఒక నాయకుణ్ణి పక్కకి పిలిచి ఏం అడిగారు?

తడుముకోకండి. నాకు చెప్పనక్కర్లేదు, మీలో మీరు చెప్పుకోండి చాలు. అబ్బాయికి సీటా? అల్లుడికి బదిలీయా? పక్కింటాయన అడుగు ముందుకు కట్టిన గోడ కూలగొట్టించడమా? మా గోదావరి జిల్లాల్లో మర్యాదకి కొదవలేదు. అన్యాయం అడిగినా ‘అండి’ తగిలించే అడుగుతాం. “ఒక్కసారి పక్కకొస్తారా అండి” అంటాం. ఆ వాక్యం ఎంత మెత్తగా ఉంటుందంటే, అందులో ఏదో తప్పుందని అనేవాడికీ తోచదు, వినేవాడికీ తోచదు.

నలభై ఏళ్ళుగా సభల్లో, పత్రికల్లో మూఢాచారాల మీద విరుచుకుపడుతున్న నేను కూడా ఆ వాక్యం అన్నాను. అది కూడా ఎవరితో? ఆ మాటంటేనే గిట్టని మనిషితో. ఆవిడ ఇప్పుడు మా పార్లమెంటు సభ్యురాలు. అంతకుముందు అరటిగెలల వ్యాపారి. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు కండువా గురించి చెప్పాలి.

మాది గోదావరి లంక. మా నాన్న అరటి రైతు. గెలలు పడవలో వేసి రేవు దాటించి, అక్కణ్ణుంచి బండి మీద మార్కెట్టుకి తోలేవాడు. మా మార్కెట్టు రావులపాలెం అంత పెద్దదేం కాదు. హైవే పక్కన రెండు రేకుల షెడ్లు, అరడజను కమీషను కొట్లు, ఒక టీ బడ్డీ. గెలల్ని వరసగా నిలబెట్టేవారు. కొనడానికొచ్చిన వ్యాపారి, అమ్మిపెట్టే కమీషను ఏజెంటు ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలిపేవారు. ఆ చేతుల మీద ఒక కండువా కప్పేవారు. ఇక బేరమంతా కండువా కిందే. ఒక వేలు నొక్కితే ఒక ధర, రెండు వేళ్ళు పట్టుకుంటే ఇంకో ధర, అరచేతిలో గీత గీస్తే మరొకటి. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించీ వియ్యంకుల గురించీ మాట్లాడుకుంటూ ఉండేవారు. ఆ గెలలు పండించిన మా నాన్న మూడడుగుల దూరంలో నిలబడి, కండువా ఎటు కదులుతోందా అని చూసేవాడు. బేరం తెగాక ఏజెంటు ఒక అంకె చెప్పేవాడు. లోపల తేలిన అంకె అదేనా కాదా అన్నది ఆ కండువాకే తెలియాలి.

అప్పట్లో నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు చర్చావేదికలో గొంతు చించుకునేవాణ్ణి. ఆ వేదికకి ఒక నియమం ఉండేది. ఎవరైనా సరే, అనదలచుకున్నది లేచి నిలబడి, అందరికీ వినపడేలా అనాలి. పక్కవాడి చెవిలో గొణిగితే అధ్యక్షుడు బల్ల మీద చేత్తో కొట్టేవాడు. అక్కడ దేవుడు లేడని తీర్మానం నెగ్గించుకుని ఆదివారం ఇంటికొచ్చేవాణ్ణి. వస్తే ఏం లాభం? మా గెలల ధర ఎంతో నాకూ తెలిసేది కాదు, మా నాన్నకీ తెలిసేది కాదు. అదేదో పెద్ద రహస్యమని, దాన్ని అడగడం మర్యాద కాదని ఆయన నమ్మకం. దేవుడి మీద ప్రశ్నలు వేయడం నేర్చిన నేను, ఆ కండువా మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఆ పని చేసింది ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న ఒక అమ్మాయి. మా గెలలు దింపే కొట్టు యజమాని కూతురు. ఆయనకి మోకాళ్ళు పట్టేసి మంచానికి అంటుకుపోతే, నాలుగు రోజులు కొట్టు చూడమని కూతుర్ని కూర్చోబెట్టారు. మొదటిరోజు ఆదివారం. మా నాన్న గెలల వెంట నేనూ ఉన్నాను.

ఒడిశా నుంచి లారీ వేసుకుని వచ్చిన వ్యాపారి ఒకాయన, అలవాటు కొద్దీ కండువా తీసి చెయ్యి చాపాడు. చాపాక గానీ ఎదురుగా ఉన్నది ఆడపిల్ల అని ఆయనకి స్ఫురించలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే బేరం వద్దన్నట్టు. తీసుకోకపోతే పరువు తక్కువ. గాల్లో అలా ఉండిపోయింది. మార్కెట్టంతా ఆగి చూసింది. ఆ అమ్మాయి చెయ్యి వంక చూసింది, కండువా వంక చూసింది, మొహం కందిపోయింది.

“ఎంతకి కావాలో నోటితో చెప్పండి” అంది. కంగారులో గొంతు పెగిలి, కాస్త గట్టిగానే వచ్చింది.

ఆయన వచ్చీరాని తెలుగులో అంకె చెప్పాడు. పక్క కొట్టు దగ్గర నిలబడ్డ ఇంకో వ్యాపారి, ఆ అంకె చెవిన పడేసరికి ఆగలేక, తనొక అంకె అనేశాడు. ఒడిశా ఆయనకి రోషం వచ్చింది. ఆయనా పెంచాడు. ఇంతే జరిగింది. కానీ మా నాన్న నా భుజం పట్టుకుని, “ఒరేయ్, మన గెలలే. మన గెలల ధరేరా వాళ్ళు చెప్పుకునేది” అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, తన పంట ధర తన చెవులతో మొదటిసారి విన్నాడు.

నేను ఊరుకుంటానా? ఆ వారమే ఆవిడ మీద ఒక వ్యాసం రాసి పారేశాను. శతాబ్దాల చీకటిని చీల్చిన వీరనారి అన్నాను. వ్యాసం పట్టుకెళ్ళి చూపిస్తే ఆవిడ చదివి, మడతపెట్టి నాకే ఇచ్చేసింది.

“విప్లవమేం కాదండి. ఆయన చెయ్యి పట్టుకోవాలంటే సిగ్గేసింది. అంతే” అంది.

సిగ్గుతో మొదలైన పని అలవాటుగా మారింది. మిగతా ఏజెంట్లు మొదట్లో ఎగతాళి చేశారు. చెయ్యి ఇవ్వడం చేతకాక అరుస్తోందన్నారు. లంకల్లో రైతులు మాత్రం ఒకరికొకరు చెప్పుకుని ఆవిడ కొట్టుకే గెలలు తోలడం మొదలెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి మిగతా కొట్లవాళ్ళు కూడా కండువాలు చేతుల మీంచి తీసి భుజాల మీద వేసుకున్నారు. నాలుగు రోజులకని కూర్చున్న అమ్మాయి ముప్ఫై ఏళ్ళు లేవలేదు. గెలలు మగ్గబెట్టే చల్లని గదులు కట్టింది. లారీలు కొంది. అరటికాయ చిప్స్ ఫ్యాక్టరీ పెట్టి వందమంది ఆడవాళ్ళకి పని చూపించింది. కాయ మీద గోటితో మీటి, ఇది ఎన్ని రోజుల దూరం ప్రయాణిస్తుందో చెప్పేది. హైస్కూలు డ్రిల్లు మాస్టార్ని పెళ్ళి చేసుకుంది. విజిల్ ఆయన దగ్గరుండేది, గొంతు మాత్రం ఈవిడది.

మా ఇద్దరికీ ఒక్క విషయంలో పొత్తు కుదరలేదు. ఆవిడ ఏటా కోరుకొండ మెట్లెక్కి నరసింహస్వామిని చూసొస్తుంది. నేను ఏటా వెక్కిరిస్తాను. ఒకసారి అడిగాను: మనుషుల్ని పక్కకి రానివ్వని మీరు, దేవుణ్ణి పక్కకి పిలిచి కోరికలు కోరుకోవడం ఏం న్యాయమండీ, మొక్కు అంటే కండువా బేరమే కదా అని. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. వ్యాసాలు రాస్తానని నన్ను మాస్టారూ అనే పిలుస్తుంది.

“నేను గట్టిగానే అడుగుతానండి. పూజారిగారు నవ్వుతారు కూడా. అయినా మెట్లెక్కితే మోకాళ్ళు బాగుంటాయి. మీ నాస్తికత్వం ఎక్కితే ఏం బాగుపడతాయి మాస్టారూ?”

దానికి జవాబు నేను ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఎన్నికల కాలం వచ్చింది. ఒక పార్టీ వాళ్ళు ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చారు. లంకల్లో ప్రతి ఇంటికీ తెలిసిన గొంతు కదా. వచ్చినవాళ్ళు కండువా కప్పబోతే ఆవిడ ఒక్క మాట అందట. భుజం మీదైతే వేయించుకుంటాను, చేతుల మీద మాత్రం కప్పకండి. వాళ్ళకి అర్థం కాలేదు. నవ్వి ఫొటో దిగి వెళ్ళిపోయారు.

ప్రచారంలో ఉపన్యాసాలు రాసిపెట్టమని నన్ను పిలిచింది. నేను ఒళ్ళు మరిచి రాశాను. మొదటి పేరా చదివి, ఇది మీరు చదివితేనే బాగుంటుందండి అని పక్కన పెట్టేసింది. అయినా జీపులో నా చోటు నాకుంచింది. ఆ తిరుగుడులో జరిగిన ఒక సంగతి ఇప్పటికీ మా వైపు చెప్పుకుని నవ్వుతారు. ఒక ఊళ్ళో సభ మధ్యలో అక్కడి పెద్దమనిషి స్టేజీ ఎక్కి, ఆవిడ చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పాడు. ఆవిడ చేతిలో మైకుంది. అది ఆన్‌లో ఉంది. “మీరు గెలిచాక వేయించే సిమెంటు రోడ్డు మా గుమ్మం దగ్గర మొదలవ్వాలండి, అవతలి వీధివాళ్ళకి తర్వాత చూసుకోవచ్చు” అన్న మాట ఊరంతా వినిపించింది. అవతలి వీధివాళ్ళే సభలో ఎక్కువమంది. ముందు వరసలో ముసలావిడ ఒకత్తె, మాకేం పాపం తమ్ముడూ అని అడిగింది. నవ్వులతో సభ అక్కడితో ముగిసింది. ఆవిడ మైకు కావాలనే ఆపలేదా, మరిచిపోయిందా అన్నది నాకు ఇవాళ్టికీ తేలలేదు. అడిగితే, “ఆయ్, బ్యాటరీ ఇంకా ఉందనుకోలేదండి” అంటుంది.

గెలిచింది. ఢిల్లీ వెళ్ళింది. లంకల ఒడ్డు కోసుకుపోతున్న సంగతి సభలో తెలుగులోనే మాట్లాడింది. టీవీలో మేమంతా చూశాం. మార్కెట్టులో లారీల హోరు మీంచి పలికిన గొంతు అది. పక్క సీటు సభ్యుడు చెవిలోంచి అనువాదం యంత్రం తీసేసి, ఉలిక్కిపడి తిరిగి చూశాడు. తెలుగు రాకపోయినా గోదావరి ఎంత దగ్గరికొచ్చిందో ఆయనకి అర్థమై ఉండాలి. మొదటి సమావేశాలు ముగించుకుని తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగాను.

“బాగానే ఉందండి. అక్కడ పక్కకి పిలవడానికి గదులే కట్టారు. లాబీ అంటారు” అంది.

ఊళ్ళో ఆవిడ ఆఫీసుకి కూడా ఒక నియమం పెట్టింది. సోమవారం సోమవారం వరండాలో కూర్చుంటుంది. చుట్టూ బెంచీలు. లోపలి గదిలోకి ఎవరినీ రానివ్వదు, తనూ వెళ్ళదు. వచ్చినవాళ్ళు తమ పని అందరి ముందూ చెప్పాలి. మొదట్లో జనం గింజుకున్నారు. ఒకాయన, నాది కొంచెం సొంత విషయమండీ అంటే, సొంతమైతే ఇంట్లో చెప్పుకోండి, ప్రభుత్వంతో పనైతే ఇక్కడ చెప్పండి అంది. రేషను కార్డు, పింఛను, పంట కాలవ పూడిక, అన్నీ బెంచీల మధ్యే తేలేవి. ఆ నియమాన్ని నేను నాలుగు వ్యాసాల్లో మెచ్చుకున్నాను. మెచ్చుకున్నాక, నా అవసరం వచ్చింది.

మా చెల్లెలి కూతురు నర్సు. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం, రెండు రాష్ట్రాల అవతల. దాని కూతురికి మూడేళ్ళు. ఆ పసిదాన్ని మా చెల్లెలు పెంచుతోంది. తల్లి రోజూ వీడియో కాల్‌లో కనిపిస్తుంది. ఒకరోజు చెల్లెలి ఫోను చార్జింగు పెట్టడానికి నేను తీసుకుంటే, పిల్ల ఏడుస్తూ అమ్మనివ్వు, అమ్మనివ్వు అని చెయ్యి చాపింది. ఫోనునే అమ్మ అంటోంది. మా చెల్లెలు నా వైపు చూసింది. బదిలీ దరఖాస్తు పెట్టి నాలుగేళ్ళైంది. ఏ బల్ల మీద ఉందో, ఎవరి వెనక ఉందో ఎవరూ చెప్పరు. ఒక ఎంపీ ఉత్తరం ఉంటే కదులుతుందని అందరూ అంటారు. ఆవిడకీ నీకూ ఇంత స్నేహం కదా అన్నయ్యా అంది చెల్లెలు. నేను చెబితే కాదనదు అన్నాను. అన్నప్పుడు నా గొంతులో ఎంత గర్వముందో నాకే వినిపించింది.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి పట్టుకుని వెళ్ళాను. హేతువాది చేతిలో పూతరేకుల డబ్బా. మీరు నవ్వుకోవచ్చు. ఆవిడ డబ్బా తీసుకుని, మూత తీసి, వరండా మొదటి బెంచీ నుంచి పంచిపెట్టేసింది. నలభై మంది చొక్కాల మీద, చీరల మీద పంచదార పొడి రాలింది. నా లంచం జనం కడుపులోకి పోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడే ఆవిడ కుర్చీ దగ్గరికి వంగి, అదిగో, ఆ వాక్యం అన్నాను.

“ఒక్కసారి పక్కకొస్తారా అండి.”

ఆవిడ నా మొహం వంక చూసింది. కోపంగా కాదు. ఆ రోజు ఒడిశా ఆయన గాల్లో ఉంచిన చెయ్యి వంక చూసినట్టు చూసింది.

“నోటితో చెప్పండి మాస్టారూ” అంది.

చెప్పాల్సి వచ్చింది. వేల మంది ముందు మాట్లాడిన నేను, నలభై మంది ముందు నత్తిగా చెప్పాను. మేనకోడలు, ఆసుపత్రి, నాలుగేళ్ళు, ఫోనుని అమ్మ అనే పిల్ల. ముగించేసరికి వెనక బెంచీలోంచి ఒకావిడ లేచి నిలబడింది. చర్చికి బైబిలు పట్టుకెళ్ళే సంచీ లాంటిది చేతిలో ఉంది. కూలికి పోయే మనిషని చేతులు చూస్తే తెలుస్తోంది.

“మా అమ్మాయిది కూడా అదే ఆసుపత్రండి. నర్సే. దరఖాస్తు పెట్టి ఆరేళ్ళైంది. అల్లుడికి పక్షవాతం వచ్చి మంచం మీదున్నాడు” అంది. తర్వాత నా వైపు తిరిగి, తప్పు చేసినదానిలా, “నేను మూడు సోమవారాల నుంచీ వస్తన్నానండి. అందర్లో ఎలా చెప్పాలో తెలీక, అమ్మగారు ఎప్పుడు పక్కకి వస్తారా అని చూస్తన్నాను” అంది.

మా ఎంపీ కలం తీసి కాగితం మీద పెట్టి, నన్నే అడిగింది.

“ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ఎవరి పేరు ముందు రాయమంటారు?”

నా కళ్ళ ముందు మా చెల్లెలు చూసిన చూపు ఉంది. పిల్ల చాపిన చెయ్యి ఉంది. పక్కగదిలోకి వెళ్ళి ఉంటే ఈ వెనక బెంచీ ఆవిడ లోకంలోనే ఉండేది కాదు. ఉత్తరం నా చేతికొచ్చేది, నేను సంతోషంగా ఇంటికెళ్ళి, ఆ వారం అవినీతి మీద వ్యాసం రాసేవాణ్ణి. ఎంత తేలిక. ఇప్పుడామె నాకు కనబడుతోంది. కనబడిన మనిషిని లేదనడం నాకు ఏ చర్చావేదికా నేర్పలేదు.

“ఆవిడ కూతురి పేరే” అన్నాను.

ఉత్తరం అక్కడే రాసి, అందరికీ చదివి వినిపించింది. ఫలానా వాళ్ళని బదిలీ చేయండి అని రాయలేదు. బదిలీ అడిగినవాళ్ళ పేర్లు, అడిగిన తేదీల వరసలో, అందరికీ కనబడేలా ఆసుపత్రి గోడకి అంటించండి అని రాసింది. ఉదాహరణకని రెండు పేర్లు రాసింది. మొదటిది కూలావిడ కూతురిది. రెండోది మా మేనకోడలిది.

మా చెల్లెలు నాతో మూడు నెలలు మాట్లాడలేదు. వెళ్తే కాఫీ ఇచ్చేది, పంచదార లేకుండా. షుగరు వస్తుంది కదన్నయ్యా అనేది. ఆ మాటొక్కటే.

వరస గోడ మీదికి రావడానికి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది. ఆవిడ రెండుసార్లు గుర్తుచేస్తూ రాసింది, రెండుసార్లూ వరండాలో చదివి వినిపించింది. చివరికి అంటించారు. కూలావిడ కూతురు మొదటి పేరు. మా వరండాకి ఎప్పుడూ రాని ఇంకో ముగ్గురి పేర్లు మధ్యలో ఉన్నాయి. మాది ఐదోది. ఆ సాయంత్రం మేనకోడలు ఫోను చేసింది. తిడుతుందనుకున్నాను.

“నా ముందు నలుగురున్నారు మావయ్యా” అంది. “ఇన్నాళ్ళూ నలుగురో నాలుగొందల మందో తెలీకే చచ్చిపోయాను.”

మా నాన్న నా భుజం పట్టుకోవడం గుర్తొచ్చింది.

ఇదంతా చదివి ఆవిణ్ణి దేవతని చేయకండి. దేవతల్ని నమ్మను, తయారు చేయను. ఆవిడకి కోపమెక్కువ. గెలల కోత ముమ్మరంగా ఉన్న రోజుల్లో సభ ఎగ్గొట్టిన మాట నిజం. ఒక బిల్లు మీద, ఇది తప్పని నా ఎదుటే అని, ఢిల్లీ వెళ్ళి దానికి ఓటేసొచ్చింది. ఆ తర్వాతి సోమవారం నేను బెంచీలోంచి లేచి, అందరికీ వినబడేలా ఎందుకు వేశారండీ అని అడిగాను.

“పార్టీ చెప్పిందండి” అంది.

పక్కకి పిలిచి చెప్పారా అన్నాను.

“ఆయ్. పక్కకి పిలిచే చెప్పారు.”

జనం నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ, మిగతా అందరి కంటే ముందే ఆపేసింది. ఆ ప్రశ్న నేను మళ్ళీ అడుగుతాను. ఆవిడకి తెలుసు.

కూలావిడ కూతురు వచ్చేసింది. పోయిన నెలలో మా మేనకోడలి ముందున్న ఆఖరి పేరు కూడా కొట్టేశారు. ఇప్పుడు మాదే మొదటిది. మా చెల్లెలు కాఫీలో పంచదార వేస్తోంది, అరచెంచానే అనుకోండి. పసిదానికి ఫోనుకీ అమ్మకీ తేడా నేర్పే పనిలో ఉన్నాం.

ఇక మీ సంగతి. మీ ఊళ్ళో కూడా ఒక ఎంపీ, ఒక ఎమ్మెల్యే, కనీసం ఒక సర్పంచి ఉంటారు. వాళ్ళకి వరండా ఉన్నా లేకపోయినా, వచ్చే సోమవారం వెళ్ళండి. పూతరేకులు తీసుకెళ్ళకండి. పక్కకి పిలవకండి, వాళ్ళు పిలిస్తే వెళ్ళకండి. వెనక బెంచీకి వినబడేలా మీ పని చెప్పండి. చెప్పాక వెంటనే కూర్చోకండి. వెనక్కి తిరిగి, ఇదే పని మీద నాకంటే ముందొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండి అని అడగండి. ఎవరైనా లేస్తే, ముందు వాళ్ళ పేరు రాయించండి.